మూడు రాష్ట్రాల సరిహద్దు పట్టీకి బాలల హక్కుల అడ్వకసీ వ్యూహం: కన్సల్టెంట్ రాయాలా, మనమే రాసుకోవాలా? (చర్చ; ప్రతి మాటకు పైన ఉన్నది రాసినవారి కలం పేరు)

తుంగభద్ర గట్టు
కర్నూలు జిల్లా పడమటి మండలాలు, నది అవతల జోగులాంబ గద్వాల, ఆ పక్కనే రాయచూరు. ఈ మూడు చోట్లా పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థలు కలిసి మూడేళ్లకు ఒక ఉమ్మడి అడ్వకసీ వ్యూహం (ప్రభుత్వాల్ని ఏం అడగాలి, ఎలా అడగాలి అన్న ప్రణాళిక) తయారు చేసుకోవాలనుకుంటున్నాయి. విషయాలు రెండే: సీడ్ పత్తిలో (కంపెనీలకు విత్తనం పండించే పత్తి పొలాల్లో) పిల్లల పని, బాల్యవివాహాలు. చేతిలో ఉన్నది 6 లక్షలు. నిధులిచ్చేవాళ్లు బయటి కన్సల్టెంట్‌ను పెట్టుకోమంటున్నారు.

ముసాయిదా టీఓఆర్ (కన్సల్టెంట్ పని షరతుల పత్రం) ఇలా ఉంది. మొత్తం 40 రోజుల పని, నవంబరులో మొదలై మార్చికి ముగియాలి. పాత పత్రాల పరిశీలన, మూడు జిల్లాల అధికారులతో ఇంటర్వ్యూలు, ఆరు చోట్ల పిల్లలతో సమావేశాలు, ముసాయిదా, రెండు రోజుల వర్క్‌షాపు, తుది నివేదిక. వద్దనేవాళ్లు దాని బదులు ఏం చేయాలో కూడా రాయండి.

నడిగడ్డ
వద్దు. ముందు ఆ నెలలే తప్పు. గద్వాల దిక్కు క్రాసింగ్ పని జోరు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. సాయంత్రం మొగ్గ ఒలిచి, తెల్లారి మగ పువ్వు పుప్పొడి అద్దాలె. ఒక్క పూట తప్పితే ఆ మొగ్గ పోయినట్టే. అందుకే బడి టైముకు పిల్లలు పొలంలో ఉంటరు. నవంబరులో కన్సల్టెంట్ దిగేసరికి చూడనీకి ఏమీ ఉండదు. కోసిగి, పెద్దకడుబూరు దిక్కున అప్పటికే ఇండ్లకు తాళాలు, జనం గుంటూరు దిక్కు పత్తికి, మిరపకు పోయి ఉంటరు. ఊర్లో మిగిలిన పిల్లలతోనే మీటింగ్ పెట్టి "పిల్లల గొంతు" అని రాస్తరు. వలస పోయిన పిల్లలు ఆ కాగితంలో కనపడరు.

రెండోది, మార్చిల నివేదిక వస్తే ఎవరికి ఇస్తరు? శాఖలు బడ్జెట్ ప్రతిపాదనలు పంపేది చలికాలం మొదట్లనే. పంచాయతీ ప్రణాళికల ప్రచారం అక్టోబరు 2న మొదలై జనవరి 31 దాకా నడుస్తది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను గ్రామాలకు తెచ్చిన తొమ్మిది అంశాలల్ల మూడోది బాలల హిత గ్రామమే. ఆ గ్రామసభల మన డిమాండ్ ఎక్కకపోతే ఇంకో ఏడాది ఆగుడే.

ఏం చేయాలంటే, ఏప్రిల్ నుంచి జూలై దాకా మనోళ్లే నలుగురు కూర్చుని రాయాలె. ఆగస్టుల పొలం చూసి సరిచేయాలె. సెప్టెంబరుల అధికారుల చేతుల పెట్టాలె.

సెక్షన్ చూసి మాట్లాడు
నెలల విషయంలో నడిగడ్డ గారితో ఏకీభవిస్తాను. మనవాళ్లే రాయాలన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. మన నెట్‌వర్కుల్లో రాసుకునే పత్రాల్లో పదేపదే కనబడే డిమాండ్ "బాలకార్మిక చట్టాన్ని కఠినంగా అమలు చేయాలి". సీడ్ పత్తిలో ఆ ఒక్క వాక్యంతో పని జరగదు.

2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. అయితే ప్రమాదకరం కాని సొంత కుటుంబ వ్యవసాయంలో, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ సాయం చేయవచ్చని మినహాయింపు ఉంది. అరెకరం, ఎకరం విత్తన పొలం పెట్టే కుటుంబాల పిల్లలు ఆ మినహాయింపు నీడలోకి వెళ్లిపోతారు. లేబర్ ఆఫీసర్ వచ్చినా "మా పొలమే సార్" అంటే తిరిగి వెళ్లడమే. ఇక్కడ పట్టుకోవాల్సింది బడి హాజరు పట్టిక. ఆగస్టు–అక్టోబరు హాజరును జూలైతో పోల్చి, 2009 విద్యాహక్కు చట్టం కింద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో పెట్టాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి మాట అక్కడ నిలుస్తుంది.

14 నుంచి 18 మధ్య వాళ్ల లెక్క వేరు. వాళ్లకు నిషేధం ప్రమాదకర పనుల జాబితా వరకే. కానీ అడ్వాన్సు తీసుకుని ఆ బాకీ కింద పిల్లను కట్టేసి ఉంచినా, కూలి ఆపినా 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 79 వర్తిస్తుంది: అయిదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా. పైగా 1976 వెట్టి చాకిరి నిర్మూలన చట్టం ఉంది. ఒకే పొలంలో ముగ్గురు పిల్లలుంటే మూడు చట్టాలు, ముగ్గురు వేర్వేరు అధికారులు. ఇదంతా విప్పి చెప్పగలిగినవాళ్లు మన నెట్‌వర్కులో ఉంటే సరే. లేకపోతే ఆ పనికి డబ్బు పెట్టడం దండగ కాదు.

నడిగడ్డ
సెక్షన్లు చెప్పనీకి ఒక వకీలు చాలు, 40 రోజుల కన్సల్టెంట్ ఎందుకు? పైగా అసలు ముడి చట్టంల లేదు, రేటుల ఉంది. కంపెనీ రేటు కడుతది, ఆర్గనైజర్ (కంపెనీకి, రైతుకు నడుమ మనిషి) అడ్వాన్స్ ఇస్తడు, రైతు ఆ రేటుల పెద్దోళ్ల కూలి పెట్టలేక పిల్లల్ని దించుతడు. కంపెనీ ఒప్పందంల కొనుగోలు ధర గురించి, పిల్లల్ని పెట్టిన పొలం గురించి ఏం రాసి ఉందో చదవకుండ వ్యూహం రాస్తే గాలిల మేడ. ఆ ఒప్పందాలు రైతు చేతికి కూడ సరిగ రావు. ఊర్ల ఉన్నోడు అడిగితేనే బయటికి వస్తయి.

ఖర్చుల పద్దు
మీరిద్దరూ మాట్లాడుకుంటూ ఉండండి, నేను డబ్బు లెక్క వేస్తాను. రోజుకు 9 వేల చొప్పున 40 రోజులంటే 3,60,000. ఆ మనిషి జీఎస్టీ నమోదులో ఉంటే 18 శాతం, అంటే 64,800. మొత్తం 4,24,800. మన సంస్థలకు ఆ జీఎస్టీ తిరిగి రాదు, అది ఖర్చే. మిగిలేది 1,75,200. ఆరు చోట్ల పిల్లల సమావేశాలకు చోటుకు 12 వేలు వేస్తే 72 వేలు, కన్నడ–తెలుగు అనువాదానికి 30 వేలు, వర్క్‌షాపుకు 60 వేలు. చివరికి మీ చేతిలో 13,200 ఉంటాయి. మూడేళ్ల అడ్వకసీకి మూలధనం అదన్నమాట! దాంతో హైదరాబాదు, అమరావతి, బెంగళూరు ఒక్కోసారి వెళ్లి రావడమే కష్టం.

ఇంకా మూడు చిక్కులున్నాయి. ఒకటి, టీడీఎస్. వృత్తి సేవల ఫీజు ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం కోసి కట్టాలి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే కోత ఫీజు మీదే, అంటే పైన చెప్పిన లెక్కలో 36 వేలు. ఒప్పందంలో "కోతలకు లోబడి" అని రాయకపోతే తర్వాత గొడవ.

రెండు, ఇవి విదేశీ నిధులైతే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నియమాల్లో లీగల్, ప్రొఫెషనల్ చార్జీలు పరిపాలనా ఖర్చు కింద ఉన్నాయి. 2020 సవరణ తర్వాత ఆ ఖర్చుకు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. ముందుండే (నిధులు అందుకునే) సంస్థకు ఆ ఏడాది 25 లక్షలు వస్తే పరిమితి 5 లక్షలు. కన్సల్టెంట్ ఒక్కరే 4,24,800 మింగితే ఏడాది ఆఫీసు అద్దెకూ మిగతా పరిపాలనకూ 75,200 మిగులుతాయి. దీన్ని ప్రాజెక్టు ఖర్చుగా చూపవచ్చో లేదో ఆడిటర్‌తో ఒప్పందానికి ముందే రాతలో తేల్చుకోండి.

మూడు, అదే సవరణతో విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకు బదలాయించడం కుదరదు. "ఒక్కో భాగస్వామికి సమావేశం ఖర్చు 12 వేలు పంపుతాం" అని టీఓఆర్‌లో రాశారా, కొట్టేయండి. హాలు, భోజనం, బస్సు బిల్లులు ముందుండే సంస్థ పేరునే తీసుకుని నేరుగా చెల్లించాలి.

బాలసభ
పిల్లలతో సమావేశాల గురించి ఎవరూ ఆగి ఆలోచించినట్టు లేదు. ఆరు చోట్ల, చోటుకు ఒక పూట, తెలియని మనిషి వచ్చి బాల్యవివాహం గురించి అడుగుతారు. ఒక అమ్మాయి "మా అక్కకు పదహారు, పోయిన మాఘంలో చేశారు" అంటుంది. అప్పుడేం చేస్తారు? 2017 అక్టోబరు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 18 లోపు భార్యతో సంసారం కూడా అత్యాచారమే. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, సంస్థ బాధ్యుడైతే తన కింది ఉద్యోగి విషయంలో ఏడాది వరకు. ఆ భారం కన్సల్టెంట్‌దా, పిల్లల్ని కూర్చోబెట్టిన సంస్థదా? ఇద్దరిదీ. టీఓఆర్‌లో మాత్రం దాని ఊసే లేదు.

చేయాల్సింది ఇది. పిల్లల్ని సొంత ఇంటి సంగతి అడగకూడదు, "మన ఊళ్లో ఇలాంటప్పుడు ఎవరి దగ్గరికి పోతారు" అనే తరహాలో అడగాలి. ఏది రహస్యంగా ఉంచలేమో సమావేశం మొదట్లోనే వాళ్ల భాషలో చెప్పాలి. తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలూ కావాలి, మధ్యలో లేచి వెళ్లే స్వేచ్ఛ ఉండాలి. 10–13 వాళ్లను, 14–17 వాళ్లను వేరు చేయాలి. గుంపుకు పన్నెండుమందికి మించకూడదు. నడిపేది పిల్లలకు ముఖపరిచయం ఉన్న కార్యకర్త అయి ఉండాలి, కన్సల్టెంట్ పక్కన కూర్చుని రాసుకుంటే చాలు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో ఇచ్చిన 12వ సాధారణ వ్యాఖ్యలో పిల్లల భాగస్వామ్యానికి తొమ్మిది షరతులున్నాయి. చివరిది జవాబుదారీతనం: వాళ్ల మాట ఏమైందో తిరిగి వచ్చి చెప్పాలి. 40 రోజుల పట్టికలో ఆ తిరిగి వచ్చే రోజు ఒక్కటీ లేదు.

సెక్షన్ చూసి మాట్లాడు
బాలసభ గారు, నిజమే, కానీ మొదట్లోనే "పోలీసులకు చెబుతాం" అంటే పిల్లలు నోరు విప్పరు. ప్రేమించి వెళ్లిపోయిన పదిహేడేళ్ల వాళ్ల సంగతి అసలే రాదు.

బాలసభ
విప్పకపోతే విప్పకపోనివ్వండి. వ్యూహ పత్రం కోసం పిల్లను కేసులోకి ఈడ్చే హక్కు మనకు లేదు. ఆ సమాచారం కావాలంటే బాలల సంక్షేమ కమిటీ దగ్గర, బాల్యవివాహ నిషేధ అధికారుల దగ్గర పేర్లు లేని కేసుల వివరాలు అడగండి.

రాయచూరు ఒడ్డు
మా వైపు సంగతి ఎవరికీ పట్టలేదు. రాయచూరులో తెలుగు మాట్లాడతాం కానీ మా చట్టం వేరు. కర్ణాటక సవరణ వచ్చాక 2017 నుంచి బాల్యవివాహం మొదటినుంచే చెల్లదు. మీ రెండు రాష్ట్రాల్లో 2006 కేంద్ర చట్టం సెక్షన్ 3 ప్రకారం, పెళ్లినాటికి మైనరుగా ఉన్నవాళ్లు జిల్లా కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవాలి, అదీ మేజరై రెండేళ్లు నిండేలోపు. కాబట్టి "ఉమ్మడి డిమాండ్" అని ఒకే వాక్యం మూడు ప్రభుత్వాలకు పంపితే మా అధికారులు నవ్వుతారు. ఆంధ్రలో, తెలంగాణలో మీరు అడగాల్సింది మా తరహా సవరణ. మేం అడగాల్సింది ఉన్న సవరణ అమలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5, కర్ణాటకలో 21.3. ఇవి రాష్ట్ర సగటులు. బయటినుంచి వచ్చేవాళ్లు వీటినే మొదటి పేజీలో పెట్టి పని అయిపోయిందనుకుంటారు.

నిజంగా ఉమ్మడిగా అడగాల్సింది ఒకటుంది. పిల్ల ఒక రాష్ట్రంలో దొరికి ఇల్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే బాలల న్యాయ చట్టం సెక్షన్ 95 ప్రకారం రెండు చోట్ల బాలల సంక్షేమ కమిటీలు మాట్లాడుకుని బదిలీ చేయాలి, ఉత్తర్వు అందిన 15 రోజుల్లో ప్రత్యేక పోలీసు విభాగం తోడు పంపాలి. ఎస్కార్టుకు మనిషి లేడు, కాగితం మూడు భాషల్లో తిరుగుతుంది, ఈలోపు పిల్ల హోంలో ఉంటుంది. మూడు జిల్లాల కమిటీలకు ఒకే ఫారం, ఒకే సంప్రదింపు అధికారి: ఇది అడిగితే ముగ్గురు కలెక్టర్లు కూర్చుని తేల్చగల సంగతి.

సెక్షన్ చూసి మాట్లాడు
ఇదీ అసలు ప్రాంతీయ వ్యూహం అంటే. కన్సల్టెంట్‌ను ఎంచుకునేటప్పుడు కూడా ఇదే గీటురాయి. పాత నివేదికలు రెండు అడిగి తీసుకోండి. వాటిలో 2021 తర్వాత కూడా "జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు ప్రత్యేక పాఠశాలలు పెంచాలి" అని ఉంటే ఆ మనిషి వద్దు, ఆ పథకం 2021లోనే సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకంలో కలిసిపోయింది. ఐసీపీఎస్ అనే పాత బాలల రక్షణ పథకం స్థానంలో మిషన్ వాత్సల్య వచ్చింది, పిల్లల హెల్ప్‌లైన్ 1098ను 2023 నుంచి ప్రభుత్వ యంత్రాంగమే నడుపుతోంది. ఇవి తెలియనివాళ్లు పాత ఫైలులో జిల్లా పేరు మార్చి ఇస్తున్నారన్నమాట.

తుంగభద్ర గట్టు
సరే, మార్చిన ప్రతిపాదన. కన్సల్టెంట్‌కు 18 రోజులు, పని మూడే: మూడు రాష్ట్రాల చట్టాలు, జీవోలు, బడ్జెట్ పద్దుల పట్టిక, కంపెనీ ఒప్పందాల పరిశీలన, వర్క్‌షాపు నడపడం. డిమాండ్లు తేల్చేది నెట్‌వర్కే. మే నెలలో మొదలు, ఆగస్టులో పొలం, సెప్టెంబరు 15కు తుది ప్రతి తెలుగు, కన్నడల్లో. చెల్లింపు నాలుగు విడతలు: 15, 25, 30, 30 శాతం. చివరి విడత రెండు భాషల ప్రతులూ అందాకే. పిల్లల సమావేశాలు మన కార్యకర్తలవి, ఒక్కో చోటికి రెండుసార్లు.

ఖర్చుల పద్దు
18 రోజులకు 1,62,000, జీఎస్టీ ఉంటే 29,160 కలిపి 1,91,160. పిల్లల సమావేశాలు రెండింతలై 1,44,000. అనువాదం, వర్క్‌షాపు 90 వేలు. మిగిలేది 1,74,840. ఇది నాకు నచ్చింది.

నడిగడ్డ
నాకు ఇంక సగమే నచ్చింది. కంపెనీ ఒప్పందాలు ఆ మనిషి చేతికి ఎట్ల వస్తయో రాయలేదు. అవి రైతుల దగ్గర మేమే తెచ్చి ఇస్తే, ఆ రైతు పేరు నివేదికల రావొద్దు. వస్తే మర్సటి ఏడు ఆయనకు ఆర్గనైజర్ విత్తనం ఇయ్యడు. ఒప్పందంల ఆ షరతు రాసి, ముడి కాగితాలన్నీ నెట్‌వర్కువే అని పెట్టినంకనే సంతకం.

తుంగభద్ర గట్టు
రాస్తాను. నిధులిచ్చేవాళ్లకు ఈ వారం పంపుతున్నాను. 40 రోజులే కావాలంటే మాత్రం మళ్లీ ఇక్కడికే వస్తాను.