అప్‌డేట్: లాసెల్స్ ఉత్తరం సంగతి తేలింది

ప్రధాని కోరినా పార్లమెంటు రద్దుకు బ్రిటన్ రాజు ఒప్పుకోకుండా ఉండొచ్చా, అందులో రాజుగారి ఆంతరంగిక కార్యదర్శి పనేమిటి అని అడిగాను కదా. జవాబిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

అలన్ లాసెల్స్ 1943 నుంచి 1953 దాకా ఆ పదవిలో ఉన్నారు, ముందు ఆరో జార్జి దగ్గర, తర్వాత రెండో ఎలిజబెత్ దగ్గర. 1950 ఎన్నికల్లో అధికారంలో ఉన్న లేబర్ పార్టీ మెజారిటీ 5 సీట్లకు పడిపోయాక, మే నెలలో ‘సెనెక్స్’ పేరుతో టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. అందులో చెప్పిందిదీ, ప్రధాని అడిగిన రద్దును రాజు కాదనాలంటే మూడూ కుదరాలి: ఉన్న సభ ఇంకా పనిచేయగలగాలి, ఎన్నికలు ఆర్థిక వ్యవస్థకు చేటు చేసేవై ఉండాలి, మెజారిటీతో కొంతకాలం నడపగల మరో ప్రధాని దొరకాలి.

చిక్కంతా మూడోదానితోనే. కొత్త ప్రధాని వెంటనే సభలో ఓడితే, మొదటాయనకు కాదన్న రద్దును రెండో ఆయనకు ఇవ్వాల్సి వస్తుంది. రాజు ఒక పక్షం వహించినట్టే అవుతుంది. అందుకే పార్టీల బలాబలాలు ముందే ఆరా తీయడం కార్యదర్శికి చాలా ముఖ్యం. ఇక మారుపేరు సంగతి: లాసెల్స్ సొంత పేరుతో రాసి ఉంటే ఆ ఉత్తరాన్ని రాజు మాటగానే చదివేవారు.