ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్: ఆదుకున్నాయా, ముంచాయా?

నల్గొండ నాగన్న: శ్రీలంక 2022లో విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. 2023 మార్చిలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దాదాపు 300 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాకే కాస్త తేరుకుంది. మనకు 1991లో పీవీ హయాంలోనూ అంతే కదా. ఈ సంస్థలు వద్దనేవాళ్లు ఇంకో దారి చెప్పండి.

పాలమూరు పిల్లగాడు: ఆదుకున్నారా అన్నా? మన బంగారం కుదువ పెట్టించుకున్నారు. షరతులన్నీ పేదోడి మీదే.

దేవరకొండ మాస్టారు: తమ్మీ, బంగారం ఐఎంఎఫ్‌కు పెట్టలేదు. సుమారు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి డాలర్లు తెచ్చారు. ఐఎంఎఫ్ అప్పు వేరు. అది దిగుమతులకు డాలర్లు లేనప్పుడు ఇచ్చేది. కాలువలకు, కరెంటుకు ఇచ్చేది ప్రపంచ బ్యాంకు.

షరతుల మాట నిజమే. ఉమ్మడి రాష్ట్రం 1999లో కరెంటు సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకుంది. 2000లో చార్జీలు పెంచారు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగాయి. మన దగ్గర కాలువ లేని రైతుకు బోరే దిక్కు, మోటారు బిల్లు అంటేనే టెన్షన్. 2004లో ప్రభుత్వం మారింది, ఉచిత కరెంటు వచ్చింది. బ్యాంకు చెప్పినదానికి పూర్తి ఎదురు! అయినా 2010లో అదే బ్యాంకు నాగార్జునసాగర్ కాలువల ఆధునికీకరణకు అప్పిచ్చింది. మిర్యాలగూడ వైపు ఎడమ కాలువ కూడా అందులోదే. అంటే కాదన్నా అప్పు పుట్టింది. మనది పెద్ద దేశం కాబట్టి చెల్లింది, శ్రీలంకకు చెల్లదు. నా అభ్యంతరం అప్పు మీద కాదు, ఈ తేడా మీద.

వనపర్తి వాణి: మాస్టారు గారూ, పేదరిక నిర్మూలన పథకం వెలుగు కూడా కలపండి. 2000లో పాలమూరుతో కలిపి ఆరు జిల్లాల్లో మొదలైంది, ప్రపంచ బ్యాంకు పైసలే. మా మహిళా సంఘాలకు దానివల్ల మేలే జరిగింది.

పాలమూరు పిల్లగాడు: సరే సార్, ఇక్కడ ఓటేసి ప్రభుత్వాన్ని మార్చాం. ఐఎంఎఫ్‌లో ఎవరిని మారుస్తాం? పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా. అది వద్దంటే ఆగిపోతుంది. మన వాటా 3 శాతం కూడా లేదు. మలేషియా 1998లో ఐఎంఎఫ్ గడప తొక్కకుండానే, పెట్టుబడులు బయటికి పోకుండా కట్టడి చేసి ఆసియా ఆర్థిక సంక్షోభం నుంచి బయటపడింది.

నల్గొండ నాగన్న: మలేషియా దగ్గర అప్పటికి డాలర్లు మిగిలి ఉన్నాయి తమ్మీ. 1991లో మన దగ్గర ఉన్నవి రెండు మూడు వారాల దిగుమతులకే. పెట్రోలు దేంతో కొంటాం?