గిరీశం లేడు కదా, మరి చుట్ట కాల్చింది ఎవరు?

నల్లకుంట_పాఠకురాలు
మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి పిల్లలకు తెలుగు క్విజ్ పెట్టాం. "గిరీశం చుట్ట కాల్చేవాడు: తప్పా, ఒప్పా?" అన్నది ఒక ప్రశ్న. ఇంటర్ చదివే కుర్రాడొకడు తప్పు అని రాశాడు. ఏంట్రా ఇది అంటే "అసలు మనిషే లేడు కదా ఆంటీ, లేనివాడు చుట్టెలా కాలుస్తాడు?" అన్నాడు. మార్కు వేయలేదు. సాయంత్రం వాళ్ళ నాన్నగారు వచ్చి అరగంట కూర్చున్నారు! తత్త్వశాస్త్రం చదివినవాళ్ళు ఏమంటారు? మీకూ ఇలాంటివి ఎదురయ్యాయా?

వికల్పం
ఆ అబ్బాయిది తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ పార్టీ అండీ. "ఇప్పటి ఫ్రాన్సు రాజుది బట్టతల" అన్న వాక్యాన్ని రస్సెల్ 1905లో విడగొట్టి చూపించాడు. ఫ్రాన్సుకు ఇప్పుడొక రాజున్నాడు, ఒక్కడే ఉన్నాడు, ఆయనకు బట్టతల. మొదటి ముక్కే అబద్ధం కాబట్టి మొత్తం అబద్ధం. మామూలు పేర్లు కూడా వర్ణనలకు పెట్టిన పొట్టి రూపాలే అంటాడు. గిరీశం అంటే వెంకటేశానికి చదువు చెబుతానన్నవాడు, బుచ్చమ్మను లేవదీసుకుపోయినవాడు, వగైరా. అలాంటి మనిషి లేడు, కనుక తప్పు.

జర్మన్ తర్కవేత్త ఫ్రెగె దగ్గరికి వెళ్తే ఇంకా చిక్కు. 1892 వ్యాసంలో ఆయన ఉదాహరణ గ్రీకు కావ్యంలోని వీరుడు ఒడిస్యూస్. గాఢనిద్రలో ఉన్న ఒడిస్యూస్‌ను ఇథాకా ఒడ్డున దించారన్న వాక్యం మనకు చక్కగా అర్థమవుతుంది. కానీ ఆ పేరు ఎవరినీ సూచించకపోతే వాక్యం నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అంటే మీ క్విజ్‌లో రెండు గడులూ ఖాళీగా వదిలేసినవాడికే మార్కు.

మలక్‌పేట_ప్లీడరు
రస్సెల్ లెక్కన "గిరీశం ఏకపత్నీవ్రతుడు" అన్నదీ తప్పే, "చుట్ట కాల్చేవాడు" అన్నదీ తప్పే. రెంటికీ తేడా లేదంటే కన్యాశుల్కం చదివినవాడూ చదవనివాడూ ఒకటే అన్నమాట. ఒప్పుకోను.

వికల్పం
సరైన చోట పట్టుకున్నారు. డేవిడ్ లూయిస్ అనే తత్త్వవేత్త 1978లో ఇచ్చిన జవాబు ఇదీ: ఆ వాక్యం ముందు "ఆ కథలో" అన్న మాట వినబడకుండా ఉంటుంది. కథలో చుట్ట కాల్చాడు, ఒప్పు. కథలో ఏకపత్నీవ్రతుడు, తప్పు. గురజాడ రాయనివి కూడా ఇందులోకే వస్తాయి. గిరీశానికి గుండె ఉందని నాటకంలో ఎక్కడా లేకపోయినా ఎవరికీ అనుమానం రాదు. కథ చెప్పని చోట మన లోకం సంగతులతోనే పూరించుకుంటాం.

అయితే "గిరీశాన్ని సృష్టించింది గురజాడ" అన్నది చూడండి. ఇది నిజమే, కానీ కథలో నిజం కాదు. కథలో గిరీశం అందరిలాగే తల్లి కడుపున పుట్టాడు. క్రిప్కీ, పీటర్ వాన్ ఇన్వాగెన్, ఎమీ థామసన్ వంటి తత్త్వవేత్తలు ఇక్కడే అడ్డం తిరిగారు. పాత్ర అనేది నిజంగా ఉంది, మనిషిగా కాదు. రాజ్యాంగంలాగా, ఒక రాగంలాగా మనుషులు తయారుచేసుకున్న వస్తువుగా. నాకు ఇదే నచ్చుతుంది, కానీ ఒక ఇబ్బంది ఉంది. అలాగైతే "గిరీశం లేడు" అన్న మాట ఎలా నిజమవుతుంది? "అలాంటి మనిషి లేడు" అని సర్దుకోవాలి. ఆ సర్దుబాటు నాకు కొంచెం అతుకులా కనిపిస్తుంది.

నల్లకుంట_పాఠకురాలు
ఆ నాన్నగారికి ఇదంతా చూపించాను. ఫ్రెగె ప్రకారం మిగతా పిల్లలందరికీ మార్కు తీసేయమంటున్నారు.

ఉప్పల్_మాష్టారు
మనవాళ్ళూ దీని మీద చాలా కొట్టుకున్నారమ్మా. యోగసూత్రాల్లో "శబ్దజ్ఞానానుపాతీ వస్తుశూన్యో వికల్పః" అని ఉంది. వస్తువు లేకపోయినా మాటను పట్టుకుని పుట్టే జ్ఞానం వికల్పం. పైన వాదిస్తున్నాయన పేరు ఊరికే పెట్టుకోలేదు! నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్ళు, మాత్రం ఇంత తేలిగ్గా వదలరు. కుందేటి కొమ్ము లేదంటే లేని వస్తువు గురించి మాట్లాడినట్టు కాదంటారు. కుందేలు ఉంది, కొమ్ము ఆవుకు ఉంది, కుందేలికి కొమ్ముతో సంబంధం లేదు, అంతే. ఉన్నవాటినే తప్పుగా కలిపాం. బాగుంది గానీ, కుందేటి కొమ్మును రెండు ముక్కలు చేయొచ్చు. గిరీశాన్ని ఎక్కడ కోస్తారు?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్
మా ఆఫీసులో కంప్యూటర్‌కు తెలుగు నేర్పడానికి వాక్యాల్లో పేర్లు గుర్తిస్తాం: మనిషి, ఊరు, సంస్థ. పాత్రలకు వేరే గడి పెట్టారు కాబట్టి గిరీశంతో గొడవ లేదు. "మా బావ పక్కా గిరీశం అండీ" అని వస్తుంది చూడండి, అక్కడ ఇద్దరం చెరో రకంగా పెడతాం, టీమ్ లీడ్ మూడో రకంగా.

పాతబస్తీ_నడక
అన్నా, మీ గిరీశం నయం, లేడని అందరికీ ఎరుకే. నేను టూరిస్టులను చార్మినార్ కాడ తిప్పుత. భాగమతి అనంగనే పంచాయితీ మొదలైతది. కులీ కుతుబ్ షా మనసు పారేసుకున్నడు, ఆమె పేరు మీదనే ఊరు కట్టిండు అని ఒకలు. అసలు గట్ల ఎవ్వలు లేరు అని ఇంకొకలు. చరిత్ర రాసిన ఫెరిష్తా ఆ కాలపోడే, ఆమె గురించి రాసిండు. మొన్నటి చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వాణీ సారేమో అది నమ్మేటట్టు లేదన్నడు. ఉన్నదో లేదో తెల్వని మనిషి పేరుకు అర్థం ఏంది మరి?

వికల్పం
అన్నా, ఇది గిరీశం కన్నా మంచి ప్రశ్న. క్రిప్కీ 1970 ప్రిన్స్‌టన్ ఉపన్యాసాల ప్రకారం పేరు ఒకరి నోటి నుంచి ఇంకొకరికి గొలుసులా వస్తుంది. ఆ గొలుసు పట్టుకుని వెనక్కి పోవాలి. చివర ఒక స్త్రీ తగిలితే, ఆమె నాట్యకత్తె కాకపోయినా, సుల్తాను ఆమె ముఖం చూడకపోయినా, భాగమతి ఆమే. చివర ఎవరో అల్లిన కథే తగిలితే, ఆ కాలంలో, కథలో ఆమె ఊరని చెప్పే చిచ్లం గ్రామంలో అచ్చం కథలోలాంటి అమ్మాయి ఒకతె ఉన్నా సరే, ఆమె భాగమతి కాదు. రస్సెల్ దారిలో సరిగ్గా తిరగబడుతుంది, కథకు సరిపోయినామే భాగమతి. ఈ విషయంలో క్రిప్కీదే పైచేయి అని నా లెక్క.

మలక్‌పేట_ప్లీడరు
అంటే షేర్వాణీ, ఫెరిష్తా ఒకే మాట వాడుతున్నారా లేదా అన్నది కూడా హైదరాబాదు కట్టిన 1591 ప్రాంతంలో ఏం జరిగిందో తెలిస్తే గానీ తేలదు. వాడేవాళ్ళకే తెలియని అర్థం! కోర్టులో ఇలా అంటే జడ్జిగారు వాయిదా వేస్తారు.

పాతబస్తీ_నడక
గొలుసు ముచ్చట మంచిగుంది. నిన్న ఒక పెద్దమ్మ అడిగింది, కుతుబ్ షాహీ సమాధుల కాడ తారామతిది ఉన్నది, ప్రేమామతిది ఉన్నది, భాగమతిది ఏది బిడ్డా అని. ఫెరిష్తా గిట్లన్నడు, షేర్వాణీ సారు గట్లన్నడు అని రెండూ చెప్పిన. "నువ్వేమంటవ్?" అన్నది. ఇరానీ చాయ్ తాగుదాం రా అమ్మా అన్న.