అప్‌డేట్: మా పాటలు రికార్డయ్యాయి
సొంత తెలుగు రాక్ పాటలను స్టూడియోలో రికార్డు చేయాలంటే బ్యాండు అంతా ఒకేసారి వాయించాలా, విడివిడిగానా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. విడివిడిగానే చేశాం. విజయవాడ పటమటలో దొరికిన స్టూడియోలో ఎక్కువగా భక్తి పాటలే చేస్తారు. గిటారు డిస్టార్షన్ (కావాలనే గరగరలాడించే శబ్దం) వినగానే ఇంజినీరు గారు కేబులు పాడైందేమోనని లేచి చూశారు!

మీరు చెప్పినట్టే ముందు డ్రమ్స్. హెడ్‌ఫోన్‌లో క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా టిక్ టిక్ మనే తాళం), దారి చూపడానికి తాత్కాలిక గిటారు. పల్లవి రాగానే మా డ్రమ్మర్ ఉత్సాహంగా వేగం పెంచేస్తాడు, క్లిక్ ఒప్పుకోదు. ఇంట్లో అలాగే తాళం కొట్టే మెట్రోనోముతో సాధన చేసి ఉండకపోతే గంటల అద్దె అంతా అక్కడే కరిగిపోయేది. డ్రమ్స్‌లో స్నేర్ అనే డ్రమ్ముకూ గిటారు యాంప్‌కూ షూర్ ఎస్ఎం57 మైకే పెట్టారు.

గొంతు చివర్లో. అరిచి పాడేటప్పుడు భ, ఫ లాంటి ఒత్తక్షరాల గాలి మైకును కొడుతుంది. పాప్ ఫిల్టర్ (మైకు ముందు ఆ గాలిని ఆపే తెర) పెట్టి, కాస్త పక్కకు తిరిగి పాడితే సర్దుకుంది.

మిక్సింగ్ (ట్రాకులన్నీ సరిచేసి ఒక పాటగా కలపడం) ఇంకా మిగిలింది. ట్రాకులన్నీ విడివిడిగా 24 బిట్ వేవ్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైళ్లుగా తెచ్చుకున్నాం కాబట్టి, అవసరమైతే వేరేచోట చేయించవచ్చు. బేసు మళ్లీ వాయిస్తానని మా బేసిస్టు పట్టుబడుతున్నాడు. నాకైతే ఉన్నదే బాగుంది.