కాలి తిమ్మిరికి వెంటనే ఎమ్మారై తీయించాలా, ఆగి చూడాలా?

తిరుచానూరు టీచర్:
నాకు 29 ఏళ్లు. మూడు వారాలుగా ఎడమ పాదం నుంచి మోకాలి దాకా తిమ్మిరి వదలడం లేదు, చెప్పు జారిపోయినా బొటనవేలికి తెలియడం లేదు. నాలుగో పీరియడ్ ముగిసేసరికి నిలబడలేనంత నీరసం వస్తోంది. మా వీధి డాక్టరు గారు నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ మాత్రలు రాశారు. ఫోన్‌లో వెతికితే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే పేరు, అంటే మెదడు, వెన్ను నరాల పైపొర దెబ్బతినే జబ్బు, కనిపించింది, అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నేరుగా ఎమ్మారై తీయించుకోవడం మంచిదేనా?

చిత్తూరు విశ్రాంత ఉద్యోగి:
అమ్మా, తొందరపడవద్దు. నాలుగేళ్ల క్రితం నాకూ కాళ్లు తిమ్మిరెక్కేవి, మెడ వంచితే వీపు వెంట కరెంటు పారినట్లు ఉండేది. మెదడుకు, వెన్నుకు స్కాన్లు తీయించిన తరువాత, చివరికి రక్తపరీక్షలో తేలింది బి12 లోపం. మేము మాంసం, గుడ్డు ముట్టము, పాలు కూడా నేను మానేసి ఉన్నాను. సూదులు వేయించుకుంటే తగ్గింది. ముందు బి12, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. మాత్రలు మొదలుపెట్టక ముందే రక్తం ఇచ్చారా? మాత్రలు పడ్డాక బి12 లెక్క పెరిగి, అసలు లోపం కనబడకుండా పోవచ్చు.

పుత్తూరు కుర్రాడు:
మన దేశంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అరుదు కదండీ?

పలమనేరు అక్క:
అరుదే, కానీ వచ్చిన ఇంటికి ఆ మాట ఊరట కాదు. మా చెల్లెలు 26వ ఏట ఒక ఉదయం భరిణె తెరిచి, కుంకుమ ఎడమ కంటికి ఇటుక పొడిలా వెలిసిపోయి కనిపిస్తోందని చెప్పింది. కన్ను తిప్పితే నొప్పి. చూపించిన చోట టెన్షన్ అన్నారు. కొన్ని వారాలకు చూపు దానంతట అదే తేరుకుంది కనుక మేమూ మరిచిపోయాము. ఏడాది తరువాత కాళ్లు పట్టు తప్పినప్పుడు గానీ ఎమ్మారై రాయలేదు. ఈ జబ్బు ఎక్కువగా 20, 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవారి కంటే ఆడవారిలో రెండింతలకు పైగానే కనిపిస్తుంది. లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే తేలికగా తీసుకోకూడదు, ఈ అమ్మాయికి మూడు వారాలైంది.

చిత్తూరు విశ్రాంత ఉద్యోగి:
బి12 తిమ్మిరి 24 గంటలు కాదు, నెలల తరబడి ఉంటుంది. రక్తం ముందే ఇచ్చారా అన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

శ్రీకాళహస్తి సభ్యుడు:
స్కాన్ తీస్తే సందేహం తీరిపోతుంది కదా, ఇంత వాదన ఎందుకు?

చిత్తూరు విశ్రాంత ఉద్యోగి:
తీరదు. స్కాన్‌లో ఈ జబ్బుకు గుర్తుగా చూసే తెల్లమచ్చలు మైగ్రేన్ ఉన్నవారిలో, బీపీ ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో కూడా కనిపిస్తాయి. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర వేర్వేరు చోట్ల దెబ్బతిన్నదని తేలాలి, అవసరమైతే వెన్నులోంచి నీరు తీసి కూడా చూస్తారు. నా రిపోర్టు చివర ‘డీమైలినేషన్ కావచ్చు’, అంటే ఆ పొర దెబ్బతిని ఉండవచ్చు అని ఒక్క వాక్యం ఉంది, దానితో ఆరు నెలలు బతికాను.

పలమనేరు అక్క:
మీ మాట నమ్మారు కాబట్టే మీకు రెండు స్కాన్లు రాశారు, మా చెల్లెలి మాట నమ్మక ఒక్కటీ రాయలేదు. ఆ ఏడాది ఎవరు తిరిగి ఇస్తారు? జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గించే మందులు ఉన్నాయి, అవి ముందుగా మొదలుపెడితేనే మేలు. ఆగమని చెప్పేవారిని చూస్తే నాకు అందుకే కోపం వస్తుంది.

చిత్తూరు విశ్రాంత ఉద్యోగి:
కోపం నాకూ ఉందమ్మా. ఆ ఆరు నెలల్లో జబ్బు పేరు బంధువుల్లో పాకి, అది వంశపారంపర్యమని ఎవరో అంటే, మా అమ్మాయికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. లేని జబ్బుకు నా బిడ్డ శిక్ష అనుభవించింది. నేను స్కాన్ వద్దనడం లేదు, తేలక ముందే ఆ పేరు పైకి అనవద్దంటున్నాను.

పలమనేరు అక్క:
ఆ పేరు అనకపోవడం వల్లనే మా చెల్లెలు నష్టపోయింది. అది అంటుకునేది కాదు, తల్లిదండ్రుల నుంచి నేరుగా వచ్చేదీ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోనే దాని పేరు రాసి ఉంది. మీ అమ్మాయికి జరిగినది అన్యాయం, కానీ ఆ తప్పు జబ్బు పేరుది కాదు, వెనక్కి పోయినవారిది.

తిరుచానూరు టీచర్:
అంకుల్, రక్తం ముందు ఇవ్వలేదు, పదకొండు మాత్రలు వేసుకున్నాను. ఆ సంగతి డాక్టరు గారికి చెబుతాను. ఇంట్లో నాకూ సంబంధాలు చూస్తున్నారు, నోరు విప్పలేకపోవడానికి కారణం అదే. అక్కా, మీరు రాసింది చదివి, ఒక్కొక్క కన్ను మూసి మా కుంకుమ భరిణె చూశాను, రంగు రెండింటికీ ఒకేలా ఉంది.

పలమనేరు అక్క:
మంచి మాట, తల్లీ. అయినా చూపు మసకబారినా, కాలు ఈడ్చుకుపోయినా, మూత్రం పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగవద్దు.

చిత్తూరు విశ్రాంత ఉద్యోగి:
అందులో నాకూ భేదాభిప్రాయం లేదు. ఒక్కదానివే వెళ్లకమ్మా.

తిరుచానూరు టీచర్:
రాత్రి అమ్మకు చెప్పాను. సోమవారం న్యూరాలజీ ఓపీకి తనే తీసుకెళ్తానంది.