‘రైట్ బ్యాంక్’ అంటే ఎటు తిరిగి చూసినప్పటి కుడి?

ప్రశ్న, సఖినేటిపల్లి నుంచి:
నీటిపారుదలకు సంబంధించిన ఒక ఇంగ్లీషు నివేదికను తెలుగు చేస్తున్నాను. నరసాపురం గోదావరి పాయ అయిన వశిష్ఠకు ‘రైట్ బ్యాంక్’ (కుడి ఒడ్డు) మీద ఉన్నదని అందులో రాశారు. మా రేవులో నిలబడితే నరసాపురం ఎదురుగా కనిపిస్తుంది. నది నడుమ సముద్రం వైపు తిరిగితే కుడిచేతికి, ఎగువనున్న ధవళేశ్వరం వైపు తిరిగితే ఎడమచేతికి వస్తుంది. ఏది ప్రమాణమో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు, రాజమహేంద్రవరం నుంచి:
నీరు పారే వైపుకు, అంటే దిగువకు, ముఖం పెట్టి నిలబడినప్పుడు కుడిచేతి వైపు ఉండేదే రైట్ బ్యాంక్. చూసేవారు ఏ ఒడ్డున ఉన్నా, పంటు (రేవు దాటించే పడవ) ఎటు పోతున్నా ఈ పేరు మారదు. మా దగ్గర గోదావరి దాదాపు దక్షిణంగా సాగుతుంది కనుక తూర్పున ఉన్న రాజమహేంద్రవరం ఎడమ ఒడ్డు, పడమటనున్న కొవ్వూరు కుడి ఒడ్డు అవుతాయి. పారిస్‌లో సెయిన్ నది పడమరకు పారుతుంది కనుక అక్కడ దక్షిణపు భాగం ‘లెఫ్ట్ బ్యాంక్’ అయింది. అందువల్ల దిక్కులతో గుర్తుపెట్టుకుంటే పొరపడతాము.

డెల్టాలో ఇంకొక జాగ్రత్త అవసరం. ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వాటి నడుమనున్న కోనసీమ గౌతమికి కుడి ఒడ్డున, వశిష్ఠకు ఎడమ ఒడ్డున ఉన్నట్టు లెక్క. పాయ పేరు చెప్పకుండా ‘గోదావరి కుడి ఒడ్డు’ అని రాస్తే చదివేవారికి ఏమీ తేలదు. యానాం గౌతమికి ఎడమ ఒడ్డున, ఎదురుగా ఉన్న ఎదుర్లంక కుడి ఒడ్డున ఉన్నాయని రాస్తే సందేహానికి తావుండదు.

జవాబు, పాలకొల్లు నుంచి:
పై వివరణ సరైనదే. అయితే ఇక్కడ ‘బ్యాంక్’ను ‘గట్టు’ అని తర్జుమా చేయవద్దని నా మనవి. మన వైపు ఏటిగట్టు అంటే వరదను ఆపడానికి పోసిన కట్ట. నీటికీ ఆ కట్టకూ నడుమ చాలాచోట్ల లంకభూములు ఉంటాయి. కాలువల పేర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: కృష్ణ వైపు వెళ్లే పోలవరం కాలువ గోదావరి కుడి ఒడ్డున బయలుదేరుతుంది కనుకనే కుడి కాలువ అయింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నరసాపురం దగ్గర పోటు వేళ నీరు ఎగువకు తన్నుకొస్తుంది కదా, అప్పుడు కుడి ఎడమలు మారవా?

జవాబు, రాజమహేంద్రవరం నుంచి:
మారవండి. నది సముద్రానికి సాగే దిశనే లెక్కలోకి తీసుకుంటారు, పోటును తీసుకోరు. మీరు ‘నరసాపురం వశిష్ఠ కుడి ఒడ్డున ఉన్నది’ అని నిశ్చింతగా రాయవచ్చు.