చిన్న పట్టణంలోని నెమ్మదైన, లోతు తక్కువ బీచ్‌కు పిల్లలతో వెళ్లేముందు ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న (ఇసుకగూడు):

అందరికీ నమస్కారం. వచ్చే సెలవుల్లో ఒక చిన్న తీర పట్టణానికి కుటుంబంతో వెళ్లాలని అనుకుంటున్నాము. మాతో నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పి వల్ల చేతికర్ర సాయంతో నడిచే మా అత్తగారు ఉంటారు. అక్కడి బీచ్ గురించి రాసినవారందరూ అలలు చిన్నవనీ, చాలా దూరం వరకు మోకాలి లోతే ఉంటుందనీ, పిల్లలకు ఎంతో అనువైనదనీ ఇంచుమించు ఒకే మాట చెబుతున్నారు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో, అక్కడికి చేరుకున్నాక మా అంతట మేము ఎలా సరిచూసుకోవాలో తెలియజేయగలరా? నాకు ఈతకొలనులో ఈదడం మాత్రమే వచ్చు. మిగిలినవారికి అదీ రాదు. రోజులో ఏ వేళ మంచిదో, పిల్లలకు గాలి ట్యూబులు తీసుకువెళ్లవచ్చో లేదో కూడా చెప్పగలరని కోరుతున్నాను.

తీరవాసి:

రాసినవారు అబద్ధం చెప్పి ఉండరు. అయితే వారు చూసింది తాము వెళ్లిన ఆ గంటలోని సముద్రాన్ని మాత్రమే. నెమ్మదిగా ఉండడమూ, లోతు తక్కువగా ఉండడమూ కొంతవరకు ఆ తీరం ఆకృతి వల్ల వచ్చేవి. మిగతాది ఆటుపోట్లను, గాలిని, దూరంగా ఎక్కడో లేచిన తుపానును బట్టి మారిపోతూ ఉంటుంది. కాబట్టి ఈ బీచ్ మంచిదేనా అన్న ప్రశ్నతో పాటు ఏ వేళకు మంచిది అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ముందుగా ఆకృతి సంగతి చెబుతాను. ఇసుక సన్నగా, తడిసినప్పుడు గట్టిగా ఉండే తీరాలు సాధారణంగా ఏటవాలు తక్కువగా, విశాలంగా ఉంటాయి. గరుకు ఇసుక, గులకరాళ్లు ఉన్న చోట ఒడ్డు నిటారుగా దిగి, అల సరిగ్గా అంచు దగ్గరే విరుచుకుపడుతుంది. తీరం లోపలికి వంగి, రెండు వైపులా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండ కొమ్ములు గానీ, ఎదురుగా దీవి గానీ రాతి దిబ్బ గానీ ఉంటే అలల శక్తి ఆ కొమ్ముల మీద చాలావరకు ఖర్చయిపోయి, మిగిలింది వంపులో పలచగా పరుచుకుంటుంది. మ్యాపులో ఉపగ్రహ చిత్రం చూస్తే బయలుదేరక ముందే ఈ సంగతి తెలిసిపోతుంది. అదే చిత్రంలో దగ్గరలో నది గానీ కాలువ గానీ సముద్రంలో కలుస్తోందేమో కూడా చూడండి. మొగ దగ్గర నీరు నిశ్చలంగా కనిపించినా అడుగున లాగుడు బలంగా ఉంటుంది; పిల్లలను అటువైపు తీసుకువెళ్లకండి.

ఇక ఆటుపోట్లు. చాలా తీరాల్లో ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నిన్న ఉదయం చూసిన లోతు ఈరోజు అదే వేళకు ఉండదు. పౌర్ణమి, అమావాస్యల తరువాతి రెండు రోజుల్లో హెచ్చుతగ్గులు ఎక్కువ. వాలు తక్కువగా ఉన్న బీచ్‌లో దీని ప్రభావం చాలామంది ఊహించని విధంగా ఉంటుంది. ప్రతి 50 మీటర్లకు 1 మీటరు చొప్పున లోతు పెరిగే తీరాన్ని తీసుకోండి. నీటి అంచు నుంచి 25 మీటర్లు లోపలికి వెళితే అర మీటరు లోతు. అంటే మీ పాపకు దాదాపు నడుము వరకు. అక్కడ ఆటుకు, పోటుకు మధ్య తేడా 2 మీటర్లైతే నీటి అంచు 100 మీటర్లు ముందుకు వస్తుంది. పైగా నీరు ఒకే వేగంతో ఎక్కదు. ఆరు గంటల పోటులో మొత్తం పెరుగుదలలో దాదాపు సగం మూడవ, నాలుగవ గంటల్లోనే జరుగుతుంది. అంటే పాప నడుము లోతున్న ఆ చోటే రెండు గంటల్లో ఒకటిన్నర మీటరు లోతవుతుంది. మధ్యధరా సముద్రపు తీరాల్లో చాలా చోట్ల ఈ తేడా జానెడుకు మించదు. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల వరకు ఉంటుంది. మీరు వెళ్లే చోట ఎంతో ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూసి తెలుసుకోండి, లేదా అక్కడి మత్స్యకారులను అడగండి. వారికి పట్టికతో పని ఉండదు.

నీటిలో దిగే ముందు ఒడ్డున కనీసం ఇరవై నిమిషాలు కూర్చుని చూడమని నా మనవి. దూరపు తుపాను నుంచి వచ్చే పెద్ద అలలు గుంపులుగా వస్తాయి. రెండు గుంపుల మధ్య కొన్ని నిమిషాల పాటు సముద్రం పూర్తిగా సద్దుమణిగినట్లు కనిపిస్తుంది. ఆ విరామంలో వచ్చి చూసినవారు బీచ్ చాలా నెమ్మదైనదని రాసి వెళ్లిపోతారు.

ఎర్రజెండా:

పై సమాధానానికి కొంత చేర్చవలసి ఉంది. నేను ప్రాణరక్షణ శిక్షణ పొందినవాడిని కనుక నా దృష్టి పిల్లల మీదే ఎక్కువగా ఉంటుంది.

అలలు విరిగే వరుసలో ఒక చోట మాత్రం అలలు విరగకుండా, నీరు కొంచెం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తే తల్లిదండ్రులు సహజంగా పిల్లలను అక్కడికే తీసుకువెళతారు. తరచుగా అదే రిప్ కరెంట్, అంటే ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పరుగెత్తే దారి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టే అల విరగడం లేదు. నురుగు, నాచు ఒడ్డు నుంచి దూరంగా కొట్టుకుపోతూ ఉండడం దానికి మరొక గుర్తు. రాళ్ల గట్లు, జెట్టీల పక్కన ఇది ఇంచుమించు శాశ్వతంగా ఉంటుంది. బలమైన రిప్ సెకనుకు 2 మీటర్లకు మించి లాగగలదు. ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు పెనుగులాడకుండా తేలుతూ, చెయ్యెత్తి సాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈదుతూ పక్కకు తప్పుకోవాలి. నిజంగా చిన్న అలలుండే వంపు తీరంలో ఇది అరుదే గానీ, అలల ఎత్తు పెరిగిన రోజున ఆ తీరంలోనూ కనిపించవచ్చు.

గాలి ట్యూబుల గురించి నా అభిప్రాయం స్పష్టం: సముద్రానికి వద్దు. నేల నుంచి సముద్రం వైపు గాలి వీచే వేళ ఒడ్డు దగ్గర నీరు అద్దంలా ఉంటుంది, ఎందుకంటే ఆ గాలి అలలు లేపడానికి కొంత దూరం కావాలి. ట్యూబు వేయడానికి అనువైన సముద్రమని మనకు అనిపించేది అప్పుడే, ట్యూబు చేతికందకుండా పోయేదీ అప్పుడే. కొట్టుకుపోతున్న ట్యూబు వెనుక ఈదుకుంటూ వెళ్లిన పెద్దవారే ప్రాణాపాయంలో పడుతుంటారు. కొన్ని బీచ్‌లలో ఇలాంటి గాలి ఉన్నప్పుడు నారింజ రంగు గాలిసంచి ఎగురవేస్తారు. అది కనిపిస్తే గాలి నింపిన వస్తువేదీ నీటిలోకి దించకూడదు. పాపకు సరైన కొలత లైఫ్‌జాకెట్ తొడగండి. అది తొడిగినా మీ చేయి చాపితే అందేంత దూరంలోనే ఉంచండి.

జెండాలు ఉన్న చోట పైభాగం ఎరుపు, కిందిభాగం పసుపు ఉన్న రెండు జెండాల మధ్య మాత్రమే దిగండి. లైఫ్‌గార్డు చూసేది ఆ భాగాన్నే. ఎర్ర జెండా ఎక్కువ ప్రమాదానికి గుర్తు, రెండు ఎర్ర జెండాలు ఉంటే నీటిలో ప్రవేశం లేదని అర్థం. ఊదా రంగు జెండా జెల్లీఫిష్ వంటి ప్రాణుల గురించి హెచ్చరిక. చిన్న పట్టణాల్లో లైఫ్‌గార్డులు సెలవు రోజుల్లోనో, రద్దీ కాలంలోనో మాత్రమే ఉండడం మామూలే. జెండా కనిపించకపోతే ప్రమాదం లేదని కాదు, చూసేవారు లేరని అర్థం చేసుకోవాలి.

మునిగిపోతున్న పిల్లలు కేకలు వేయరు, చేతులు ఊపరు. ఊపిరి కోసమే శక్తి అంతా పోతుంది గనుక నిశ్శబ్దంగా, క్షణాల్లో మునిగిపోతారు. అందుకే నలుగురు పెద్దవారు కలిసి చూస్తున్నామనుకోవడం కన్నా, వంతులవారీగా ఒక్కరు, ఫోను పక్కన పెట్టి, ఆ పని మాత్రమే చేయడం మేలు. పిల్లలకు నీలం, తెలుపు దుస్తులు కాకుండా మెరిసే నారింజ, పసుపు రంగులవి వేయండి. నీలం నీటిలో కలిసిపోతుంది. పిల్లవాడు కనిపించకపోతే ముందుగా నీటి వైపు చూడండి, అంగళ్లు, మరుగుదొడ్ల వైపు ఆ తరువాత.

చేతికర్ర:

పెద్దవారి సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి పొడి ఇసుకలో నడవడమే కష్టం. నీరు తీసిన వేళ బయటపడే తడి ఇసుక మీద చేతికర్ర దిగబడదు, నడక సాఫీగా సాగుతుంది. బండి దిగే చోటు నుంచి ఆ తడి ఇసుక వరకు ఎంత దూరమో, మధ్యలో మెట్లున్నాయో, బల్లపరుపు దారి ఉందో బస చేసే చోట ముందే అడగండి. నీడ, మరుగుదొడ్డి, మంచినీరు మీరే చూసుకోవలసి రావచ్చు. గొడుగు కింద కూర్చున్నా ఎండ పూర్తిగా తప్పదు. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని తిప్పి పంపుతాయి. మీ అత్తగారిని నీటి అంచున కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంటే కుర్చీ సముద్రానికి ఎదురుగా ఉండాలి. వీపు తిప్పి కూర్చున్నవారిని చిన్న అల కూడా పడగొడుతుంది.

అలల మీద:

ఇంత భయపెడితే ఎవరూ సముద్రం ముఖం చూడరని నాకు అనిపిస్తోంది. మా పిల్లలు అలాంటి వంపు తీరంలోనే పెరిగారు. ఉదయం నేల గాలి ఇంకా మందంగా ఉండి, మధ్యాహ్నపు సముద్రపు గాలి మొదలుకాక ముందు, నీరు తీస్తున్న చివరి గంటల్లో వెళ్లి, మోకాలి లోతు దాటకుండా ఆడుకుని, ఎండ ముదిరేసరికి తిరిగి వచ్చేస్తే ఈ సమస్యల్లో చాలా వరకు ఎదురే కావు. పిల్లలకు నిజానికి నీటికంటే ఇసుకే ఇష్టం. ఆటు వేళ మిగిలిపోయే చిన్న మడుగుల్లో ఎండ్రకాయలనూ, నత్తలనూ చూస్తూ గంటలు గడిపేస్తారు.

ఎర్రజెండా:

మీరు చెప్పిన వేళనే నేనూ ఎంచుకుంటాను. ఆ వేళ ఎందుకు మంచిదో తెలిస్తేనే వేరే ఊళ్లో వేరే రోజున సరైన వేళను వారే ఎంచుకోగలరు. ఇసుక గురించి ఒక్క మాట. పిల్లలు తవ్వే గుంటలు వారిలో చిన్నవాడి మోకాలి లోతు దాటకూడదు. పక్కలు కూలితే ఇసుక బరువుకు లోపలివారు కదలలేరు, బయటివారు చేతులతో తోడుతున్న కొద్దీ మళ్లీ నిండుతుంది.

ఇసుకగూడు:

అందరికీ కృతజ్ఞతలు. ఉపగ్రహ చిత్రం చూశాను. తీరం వంపుగానే ఉంది, నది మొగ చాలా దూరంలో ఉంది. కానీ ఒడ్డుకు కొంత దూరంలో, సమాంతరంగా, లేత రంగు పట్టీ ఒకటి కనిపిస్తోంది; దానికీ ఒడ్డుకూ మధ్య నీరు ముదురు రంగులో ఉంది. ఇది ఏమై ఉంటుంది? అలాగే, లోతు లేని నీటిలో ముళ్ల చేపలుంటాయని ఒకరు చెప్పారు, నిజమేనా?

తీరవాసి:

ఆ పట్టీ ఇసుక మేట అయి ఉండవచ్చు. మంచిదే, పెద్ద అలలు దాని మీదే విరిగిపోతాయి. అయితే మీరు ఎక్కువ జాగ్రత్త పడవలసింది కూడా దాని విషయంలోనే. ఆటు వేళ పిల్లలు మోకాలి లోతు నీటిలో నడుచుకుంటూ మేట మీదికి చేరతారు. అక్కడ చీలమండ లోతే ఉంటుంది గనుక తిరిగి రావాలని ఎవరికీ తోచదు. పోటు మొదలైనప్పుడు నీరు ముందుగా నిండేది మేటకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ముదురు రంగు కాలువలోనే. మేట మీద ఇంకా పాదాలే తడుస్తూ ఉండగా వెనుక దారి మీ బాబుకు ఛాతీ లోతు దాటిపోతుంది. అందుచేత నీరు అడుగంటే సమయాన్ని పట్టికలో చూసుకుని, ఆ నిమిషానికి ముందే అందరూ మేట దిగి ఒడ్డు వైపు వచ్చేయాలి; పాపను అసలు మేట దాకా తీసుకువెళ్లవద్దు.

ముళ్ల చేప అని వారు చెప్పింది టేకు చేప (స్టింగ్‌రే) కావచ్చు. వెచ్చని, లోతు లేని ఇసుక నేలలో అది ఒంటి మీద ఇసుక కప్పుకుని పడుకుంటుంది. పైన కాలు వేస్తేనే తోకముల్లుతో పొడుస్తుంది. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో పాదాలు ఈడ్చుకుంటూ నడిస్తే ఆ కదలికకే తప్పుకుంటుంది. ఒకవేళ గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, కాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముల్లు లోపల విరిగి ఉంటే లాగే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ పట్టణంలో ఆసుపత్రి లేకపోతే దగ్గరలో ఎక్కడ ఉందో బస చేసే చోట మొదటి రోజే అడిగి రాసి పెట్టుకోండి.